తెల్లవారుజామున డాక్టరేట్: ఆన్‌లైన్ ఎడ్.డి. ఎంచుకోవడంలో నా అనుభవం

దసరా సెలవులు ముగిసి బడి తెరిచిన రోజున నేను మొదట చూసేది పిల్లల హాజరు కాదు, టీచర్ల సంతకాల రిజిస్టరు. జూన్‌లో చేరిన కొత్తవారిలో ఇద్దరో ముగ్గురో ఆ రోజు సంతకం పెట్టరు. మధ్యాహ్నానికల్లా ఒకరి ఫోన్ స్విచ్ ఆఫ్ అయి ఉంటుంది, ఇంకొకరి రాజీనామా వాట్సాప్‌లో వస్తుంది. తిరుపతిలో ఒక ప్రైవేటు హైస్కూలుకు తొమ్మిదేళ్లుగా ప్రిన్సిపాల్‌గా ఉన్న నాకు ఇది కొత్త కాదు గానీ, దీన్ని కేవలం జీతాల సమస్యగా చూసే అలవాటు మా కరస్పాండెంట్ గారితో పాటు నాకూ ఉండేది. 2024 దసరా తర్వాత మా లెక్కల టీచరు మేమిచ్చే జీతానికే రెండు వీధుల అవతల ఉన్న మరో స్కూలుకు వెళ్లిపోయింది. ఆమె నిలబడటానికి నేను చేసిందేమిటని ఆలోచిస్తే చెప్పుకోదగ్గది ఒక్కటీ గుర్తుకు రాలేదు. టైంటేబుల్ వేయడం, తల్లిదండ్రులతో మాట్లాడటం, పదో తరగతి ఫలితాలు రాబట్టడం నాకు వచ్చు. మనుషులను నిలబెట్టుకునే విద్య మాత్రం నాకెవరూ నేర్పలేదు. ఆ వెలితి తీర్చుకుందామనే, 46 ఏళ్ల వయసులో, నాయకత్వంలో ఆన్‌లైన్ డాక్టరేట్ (ఎడ్.డి., అంటే డాక్టర్ ఆఫ్ ఎడ్యుకేషన్) ప్రోగ్రాముల కోసం వెతకడం మొదలుపెట్టాను.

మొదటి అడుగే తప్పటడుగు అయింది. ఒక ప్రకటన కింద ఉన్న ఫారంలో నా నంబరు నింపిన గంటలోపే ఒక ఎడ్‌టెక్ సంస్థ నుంచి కౌన్సెలర్ ఫోన్ చేశాడు. నా 22 ఏళ్ల అనుభవాన్నే క్రెడిట్లుగా లెక్కిస్తారని, 18 నెలల్లో నా పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చని, యూరప్‌లోని ఒక బిజినెస్ స్కూలు పట్టా ఇస్తుందని, నెలాఖరులోగా చేరితే స్కాలర్‌షిప్ పేరుతో రెండు లక్షలు తగ్గుతాయని ఒక్క ఊపులో చెప్పాడు. అడ్మిషన్ల సీజన్‌లో తల్లిదండ్రులకు ఏ మాటలు చెప్పకూడదని మా ఆఫీసు సిబ్బందిని హెచ్చరిస్తుంటానో, అచ్చంగా ఆ మాటలకే నేను పడిపోయి, సీటు నిలుపుకోవడానికి 15,000 రూపాయలు కట్టేశాను. మూడు రోజుల తర్వాత బుద్ధి వచ్చి, ఆ స్కూలుకు అక్రెడిటేషన్, అంటే గుర్తింపు, ఎవరిచ్చారని అడిగితే ఒక సంస్థ ముద్ర ఉన్న బొమ్మ పంపాడు. ఆ సంస్థ పేరు అమెరికా విద్యాశాఖ గుర్తించిన అక్రెడిటేషన్ సంస్థల జాబితాలో లేదు. అక్కడ అక్రెడిటేషన్ సంస్థలను గుర్తించే ఛీయా (CHEA) అనే మండలి జాబితాలో లేదు. ఆ స్కూలు ఉన్న దేశపు విద్యా మంత్రిత్వ శాఖ జాబితాలో కూడా లేదు. విశ్వవిద్యాలయాలకు గుర్తింపు ఇచ్చే సంస్థలకు కూడా గుర్తింపు ఉండాలన్న సంగతి నాకు తెలిసింది అప్పుడే. ఆ 15,000 తిరిగి రాలేదు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అత్యంత చవకగా దొరికిన పాఠం అదేనని ఇప్పుడు అనుకుంటాను.

ఆ వారం మా పిన్నమ్మ కొడుకు ఇంటికి వచ్చాడు. అతను డిగ్రీ కాలేజీలో కామర్స్ లెక్చరర్. నా బాధంతా విని, "అక్కా, నువ్వు ముందు ఒకటి తేల్చుకో. ఈ పట్టా నువ్వు ఎవరికి చూపించాల? నాకైతే యూనివర్సిటీకి చూపించాల. నీకు ఎవరున్నారు చూపించడానికి?" అన్నాడు. మాట కటువుగానే ఉన్నా, నేను అడుగుపెట్టాల్సిన చోటు అదే. మన దేశంలో పీహెచ్‌డీని దూరవిద్య ద్వారా గానీ ఆన్‌లైన్ ద్వారా గానీ చేయడానికి వీలులేదని యూజీసీ 2022 నవంబరులో తెచ్చిన నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. అంతకు ముందు నెలలోనే, విదేశీ సంస్థలతో కలిసి ఎడ్‌టెక్ కంపెనీలు ఇచ్చే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని యూజీసీ, ఏఐసీటీఈ కలిసి హెచ్చరించాయి. 2023 డిసెంబరులో యూజీసీ ఇటువంటి ఒప్పందాల గురించి మళ్లీ హెచ్చరించింది. అవే నిబంధనలు ఉద్యోగం చేసుకుంటూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేయడానికి మాత్రం దారి ఉంచాయి. పనిచేసే చోటు నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి, కోర్సువర్క్ పూర్తిచేయాలి, కనీసం మూడేళ్లు పడుతుంది, సాధారణంగా ఆరేళ్లు దాటకూడదు. మా తమ్ముడు ఎంచుకున్నది ఆ దారే; ఏపీఆర్‌సెట్ రాసి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పార్ట్‌టైమ్‌గా చేరాలని అప్పటికే పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాడు. అతనికి అది తప్ప వేరే దారి లేదు, ఎందుకంటే ప్రమోషన్ కమిటీ ముందు పెట్టే కాగితం చెల్లుబాటు కావాలి.

నా పరిస్థితి వేరు. ప్రైవేటు హైస్కూలు ప్రిన్సిపాల్‌కు డాక్టరేట్ ఉండాలని ఏ నిబంధనా అడగదు. నేను చేసేది విదేశీ పట్టా అయితే దానికి ఇక్కడ పీహెచ్‌డీతో సమానత్వం రాదనే లెక్కలోనే ముందుకు సాగాలని, పేరు ముందు మాట కోసం కాక స్కూల్లో పని కోసమే చేయాలని ఆ రాత్రి ఒక నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాను. తర్వాత ఎనిమిది నెలల్లో ఎవరి బ్రోచరు చూసి మురిసిపోయినా, వెనక్కి తిప్పి ఆ పేజీ చదువుకునేదాన్ని.

కరస్పాండెంట్ గారికి విషయం చెప్పినప్పుడు ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "మీకు ఎంఎడ్ ఉంది గదమ్మా, మళ్లీ డీఎడ్ ఎందుకు?" అక్షరాలు తిరగబడితే అర్థం ఎంత తిరగబడుతుందో వివరించడానికి ఒక కాఫీ పట్టింది. పీహెచ్‌డీ పరిశోధకులను తయారుచేసేది, ఎడ్.డి. విద్యాసంస్థలను నడిపేవారి కోసం పుట్టినది. హార్వర్డ్ 1920లలోనే ఎడ్.డి. ఇవ్వడం మొదలుపెట్టినా, దశాబ్దాలపాటు ఆ రెంటికీ తేడా పేరులోనే తప్ప చదువులో పెద్దగా లేదన్న విమర్శ ఉండేది. 2007లో మొదలైన కార్నెగీ ప్రాజెక్టు ఆన్ ది ఎడ్యుకేషన్ డాక్టరేట్ ఆ తేడాను గట్టిగా గీయడానికి ప్రయత్నించింది. చదివే మనిషి తన సొంత సంస్థలోని ఒక నిజమైన చిక్కును తీసుకోవాలని, సిద్ధాంత వ్యాసం దాని చుట్టూ తిరగాలని ఆ ఉద్యమం చెప్పింది. అక్కడివారు దాన్ని ప్రాబ్లమ్ ఆఫ్ ప్రాక్టీస్ అంటారు. హార్వర్డ్ స్వయంగా 2010లో విద్యా నాయకత్వానికి ఎడ్.ఎల్.డి. అనే ప్రత్యేక డాక్టరేట్ పెట్టి, తర్వాత పాత ఎడ్.డి.ని ఆపేసింది. ఇదంతా విన్నాక ఆయన, "అంటే మన టీచర్లు ఎందుకు పోతున్నారో అమెరికావాళ్లకు రాసిస్తే వాళ్లు పట్టా ఇస్తారా?" అన్నారు. ఎడ్.డి. గురించి అంతకన్నా చక్కని నిర్వచనం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

జాబితా తయారుచేయడం తేలిక. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో సంస్థల్లో నాయకత్వం, అభ్యసనం మీద ఆన్‌లైన్ ఎడ్.డి. ఉంది, అక్కడ సంప్రదాయ సిద్ధాంత వ్యాసం బదులు, ఒక భాగస్వామ్య సంస్థ కోసం చేసే క్యాప్‌స్టోన్ ప్రాజెక్టు ఉంటుంది. జాన్స్ హాప్కిన్స్ దరఖాస్తులోనే నీ సమస్య ఏమిటో రాయమని అడుగుతుంది. అరిజోనా స్టేట్ ప్రోగ్రాము యాక్షన్ రీసెర్చ్ మీద నిలబడింది, అంటే మార్పు చేస్తూ, కొలుస్తూ, మళ్లీ మార్చే పద్ధతి. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానిది విద్యారంగానికే పరిమితం కాకుండా సంస్థాగత మార్పు వైపు మొగ్గింది. బ్రిటన్‌లో ఎడ్.డి. అంటే మొదట కొన్నేళ్లు బోధన, తర్వాత థీసిస్, చివర బయటి పరీక్షకుడితో వైవా. వీటితో పాటు అంత పేరు లేని కొన్ని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలను కూడా కలిపి మొత్తం పదకొండు రాసుకున్నాను. బ్రోచర్లన్నీ పక్కపక్కన పెట్టి చదివితే రెండు రోజుల్లో అర్థమైందేమిటంటే, అవన్నీ ఒకే మనిషి రాసినట్టున్నాయి. ప్రతి ఒక్కటీ పరివర్తన తెస్తుంది, ప్రతి ఒక్కటీ సమానత్వాన్ని కోరుతుంది, ప్రతి దాని ఫోటోలోనూ చేతులు కట్టుకుని నవ్వుతున్న మనిషి ఉంటుంది.

అందుకే బ్రోచర్లు కట్ట కట్టి అటక ఎక్కించి, ఆ ప్రోగ్రాముల్లో చదివినవాళ్లు చివరికి ఏం రాశారో చదవడం మొదలుపెట్టాను. చాలా అమెరికన్ విశ్వవిద్యాలయాలు తమ సిద్ధాంత వ్యాసాలను బహిరంగంగా చదువుకునేందుకు ఉంచుతాయి. రాత్రి వంట, నోట్‌బుక్కుల దిద్దుబాటు ముగిశాక, ఒక్కో ప్రోగ్రాము నుంచి నాలుగైదు చొప్పున తెరిచాను. ముందు కృతజ్ఞతల పేజీ చదివేదాన్ని. అక్కడ మనుషులు అబద్ధం ఆడరు. ప్రోగ్రాములో చేరినప్పుడు కడుపులో ఉన్న బిడ్డ ఇప్పుడు రెండో తరగతి చదువుతోందని ఒకరు రాసుకుంటే, మూడేళ్లలో పూర్తవుతుందని బ్రోచరు చెప్పిన మాటకు విలువెంతో తెలిసిపోతుంది. తర్వాత ఛైర్ పేరు చూసేదాన్ని, అంటే మార్గదర్శి పేరు. పేరున్న ఒక చోట నేను తెరిచిన వాటిలో ఎక్కువ భాగానికి ఒకే ప్రొఫెసర్ ఛైర్‌గా కనిపించారు. ఆమె ఎంత గొప్ప పండితురాలైనా, మా స్కూలు మధ్యాహ్నం గంట మోగించే అటెండరు కన్నా ఎక్కువ పని ఆమె మీద ఉందని అనిపించింది. ఆ తర్వాత మూడో అధ్యాయం, అంటే పరిశోధన పద్ధతి. కొన్నిచోట్ల అందరూ ఎనిమిది మందినో పది మందినో ఇంటర్వ్యూ చేసి, చివర నాయకులు ఇంకా వినాలని సిఫారసు చేసి ముగించారు. ఇంకొన్నిచోట్ల చేసిన మార్పు మొదటిసారి ఎందుకు తప్పిందో కూడా దాచుకోకుండా రాశారు. నాకు కావలసింది ఈ రెండో రకం. తప్పిన మొదటి ప్రయత్నం గురించి ఒక్క మాట లేని యాక్షన్ రీసెర్చ్‌ను నేను ఇప్పటికీ నమ్మను. బడిలో ఏదీ మొదటిసారి కుదరదు.

ఈ చదువుతో పదకొండు నాలుగయ్యాయి. ఆ నాలుగు చోట్లకీ ఒకే ఉత్తరం రాశాను. ఒక బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, వారిలో ఎంతమంది ముగించారు, ఛైర్‌ను ఎప్పుడు కేటాయిస్తారు, కోర్సులు అయిపోయి వ్యాసం మిగిలినప్పుడు ప్రతి టర్ముకూ కొనసాగింపు ఫీజు ఎంత, భారత్‌లో డేటా సేకరించిన విద్యార్థులు అంతకు ముందు ఉన్నారా అని అడిగాను. మొదటి జవాబు మర్నాడే వచ్చింది. అందులో నా ప్రశ్నలకు సమాధానం లేదు, వెబినార్‌కు ఆహ్వానం ఉంది. రెండో చోటు అసలు రాయలేదు. మూడో చోటు అంకెలు ఇచ్చింది గానీ కొనసాగింపు ఫీజు గురించి ఫైనాన్స్ విభాగాన్ని అడగమంది. నాలుగోది అమెరికా తూర్పు తీరంలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం. అక్కడి కోఆర్డినేటర్ ప్రతి ప్రశ్నకూ వరుసగా జవాబు రాసి, చివర భారత్‌లో చేసినవారు ఇంతవరకు లేరని, మీరు మొదటివారవుతారని, దాని వల్ల మనుషుల మీద పరిశోధనకు తీసుకోవలసిన ఎథిక్స్ అనుమతికి ఎక్కువ సమయం పట్టవచ్చని ఉన్నదున్నట్టు చెప్పారు. లేనిదాన్ని లేదని రాసిన ఆ ఒక్క వాక్యమే నన్ను వారి వైపు తిప్పింది.

డబ్బు దగ్గర మాత్రం కళ్లు తెరిచే ఉన్నాను. ప్రసిద్ధ ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో ఫీజు ఎలా పెరుగుతుందో తెలియడానికి, క్రెడిట్‌కు వెయ్యి డాలర్లే అనుకుని లెక్క వేసినా 54 క్రెడిట్లకు 54,000 డాలర్లు; డాలరు 85 రూపాయలు అనుకుంటే దాదాపు 46 లక్షలు. మా తిరుపతి శివార్లలోని మంగళంలో ఫ్లాటు కొనుక్కోవచ్చు. నేను ఎంచుకున్న ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో క్రెడిట్‌కు 480 డాలర్లు, 54 క్రెడిట్లు, టర్ముకు రెండు సబ్జెక్టుల చొప్పున ఆరు క్రెడిట్లు, ఏడాదికి మూడు టర్ములు. అంటే టర్ముకు రెండున్నర లక్షల లోపు, ఏడాదికి ఏడు లక్షల ముప్పయి వేల పైచిలుకు, మూడేళ్లకు 22 లక్షలు. కరస్పాండెంట్ గారు నాలుగేళ్లు స్కూలు విడిచి వెళ్లనని రాయించుకుని సగం భరించడానికి ఒప్పుకున్నారు. టీచర్లు వెళ్లిపోవడం మీద పరిశోధన చేయబోయే మనిషి చేత బాండు రాయించుకోవడంలో ఉన్న హాస్యం ఆయనకు తట్టలేదు, నేనూ గుర్తుచేయలేదు. బ్యాంకులో విదేశాలకు పంపే సొమ్ము మీద పన్ను గురించి భయపడ్డాను గానీ, ఏడాదికి 7 లక్షల వరకే ఉన్న మినహాయింపు పరిమితి 2025 ఏప్రిల్ 1 నుంచి 10 లక్షలకు పెరగడంతో నా మొత్తం దాని లోపలే ఇమిడిపోయింది.

గడియారం సంగతి చాలామంది ఆఖరున చూస్తారు. నిజానికి మొదట చూడవలసింది అదే. వారం వారం ప్రత్యక్షంగా జరిగే క్లాసు ఉన్న ప్రోగ్రాముల్లో, అమెరికా పశ్చిమ తీరంలో సాయంత్రం ఏడు అంటే వేసవిలో మనకు ఉదయం ఏడున్నర. నేను గేటు దగ్గర నిలబడి పిల్లల బెల్టులు, బూట్లు చూస్తుండే సమయం అది. తూర్పు తీరంలో సాయంత్రం ఏడు అంటే మనకు తెల్లవారుజామున నాలుగున్నర. మొదట గుండె గుభేలుమన్నా, తిరుపతిలో ఆ సమయానికి మేలుకుని ఉండటం వింతేమీ కాదు. అలిపిరి వైపు ఆటోలు తిరుగుతుంటాయి, పాలవాడు వస్తుంటాడు, మా అత్తగారు అప్పటికే స్నానం ముగించి ఉంటారు. ఇంట్లో అందరూ లేచే ఊళ్లో మేలుకోవడం కష్టం కాదు. నిశ్శబ్దం దొరకడమే కష్టం.

దరఖాస్తులో చెప్పవలసినంత కథ లేదు. ఎంఎడ్ ట్రాన్స్‌క్రిప్టులు నేరుగా మూల్యాంకన సంస్థకు పంపించాను, టోఫెల్ ఇంటి దగ్గరే కంప్యూటర్ మీద రాశాను, ఇద్దరి సిఫారసులు తీసుకున్నాను. ఇబ్బంది పెట్టింది సమస్యను వివరించే రెండు పేజీలే. మొదటి చిత్తుప్రతిలో మన విద్యావ్యవస్థ సంక్షోభంలో ఉందని మొదలుపెట్టి ఎన్ఈపీ 2020 దాకా వెళ్లాను. మా తమ్ముడు చదివి, "అక్కా, ఇది ఎవరైనా రాస్తారు. నీ రిజిస్టరు ఏది?" అన్నాడు. అన్నీ కొట్టేసి, దసరా తర్వాతి సంతకాల పేజీతోనే మొదలుపెట్టాను. గత ఐదేళ్లలో ఆ రోజున ఎన్ని గళ్లు ఖాళీగా ఉన్నాయో లెక్కపెట్టి రాశాను. మే నెలలో సీటు వచ్చింది, ఆగస్టులో క్లాసులు మొదలయ్యాయి.

మొదటి టర్ములోనే అనుకోని గోడ ఒకటి ఎదురైంది. మా టీచర్లను నేను నేరుగా ఇంటర్వ్యూ చేస్తానని రాస్తే, ఎథిక్స్ కమిటీ విషయం చెప్పే ప్రొఫెసర్ ఆపేశారు. జీతం పెంచేదీ, సెలవు ఇచ్చేదీ నేనే కాబట్టి వాళ్లు నాకు కాదని చెప్పలేరు. కాదని చెప్పలేని మనిషి ఇచ్చే అంగీకారం అంగీకారం కాదు. ఇంటర్వ్యూలు మూడో మనిషి చేయాలి, పేర్లు తీసేశాకే నా దగ్గరికి రావాలి, అంగీకార పత్రం తెలుగులో ఉండాలి, ఆ తెలుగును ఇంకొకరు తిరిగి ఇంగ్లీషులోకి మార్చి సరిచూడాలి. తొమ్మిదేళ్లుగా స్టాఫ్ మీటింగుల చివర "ఎవరికైనా ఏమైనా ఇబ్బంది ఉందా?" అని అడిగి, అందరూ లేదు మేడమ్ అంటే నమ్మి ఇంటికి వెళ్లిన మనిషిని నేను. ఆ రోజు క్లాసు అయ్యాక వంటింట్లోకి వెళ్లి చాలాసేపు పాలు పొంగే దాకా అలాగే నిలబడ్డాను.

2025 దసరా తర్వాత కూడా ముగ్గురు సంతకం పెట్టలేదు. అయితే ముగ్గురూ సెలవుల్లోనే మిఠాయి పెట్టెలతో ఇంటికి వచ్చి చెప్పి వెళ్లారు; 16,347 పోస్టుల మెగా డీఎస్సీలో ఉద్యోగాలు వచ్చాయి. సంతోషంగా సాగనంపాను. వాళ్లను పోయినవాళ్ల లెక్కలో వేయాలా, వేరే గడిలో రాయాలా అని క్లాసులో అడిగితే, ఆ చర్చే ఇరవై నిమిషాలు నడిచింది. చివరికి వేరే గడి గీశాను.

నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పారు. దాంతో మంగళవారం క్లాసు ఐదున్నరకు మారింది. ఆ సంగతి మరిచిపోయి నాలుగున్నరకే లాప్‌టాప్ తెరిచి, ఖాళీ తెర చూసి, మళ్లీ వెళ్లి పడుకున్నాను.